చిన్న చేతులకు చిన్న వాలీబాల్

సాయంత్రం కాగానే ఫోన్ పట్టుకుని కూర్చునే పిల్లల్ని కరీంనగర్ అంబేద్కర్ స్టేడియానికో, బడి మైదానానికో పంపాలనుకుంటున్నారా? మంచి ఆలోచనే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వారంలో కనీసం 3 రోజులు కండరాలు, ఎముకలు బలపడే ఆటలు ఉండాలి. పరుగు, వంగడం, ఎగరడం అన్నీ కలిసిన వాలీబాల్ ఇందుకు చక్కగా సరిపోతుంది.

అయితే 1895లో అమెరికాలో విలియం మోర్గాన్ ఈ ఆటను తయారుచేసింది పెద్దవాళ్ల కోసం. పురుషుల నెట్ ఎత్తు 2.43 మీటర్లు, బంతి బరువు 260-280 గ్రాములు. మూడో తరగతి పిల్లాడికి ఇవే ఇస్తే ముంజేతులు కందిపోతాయి. బంతంటేనే భయం పట్టుకుంటుంది.

ఏ వయసుకు ఏది?

* 6-7 ఏళ్లు: బెలూన్ లేదా తేలికైన ప్లాస్టిక్ బంతి. ఎగరేసి పట్టుకోవడం, ఒకరికొకరు విసురుకోవడం చాలు.
* 8-9 ఏళ్లు: చెయ్యెత్తితే అందేంత ఎత్తులో తాడు కట్టండి. ముంజేతులతో పాస్, వేళ్లతో సెట్ చేయడం, కింది నుంచి సర్వ్ నేర్పించండి.
* 10 ఏళ్లు: చిన్న కోర్టులో జట్టుకు ఇద్దరు లేదా ముగ్గురు. ఆరుగురుంటే చాలామందికి బంతే అందదు. స్మాష్‌కు తొందర వద్దు.

ఎత్తుగడలు మూడు చాలు. బంతి తనవైపు వస్తే ‘నాది’ అని గట్టిగా చెప్పడం, మొదటి పాస్ నెట్ దగ్గరున్న తోటి ఆటగాడికి అందించడం, అవతలి కోర్టులో ఖాళీ చూసి బంతి వేయడం.

వేలు లాగొద్దు

బంతి తగిలి వేలు వాస్తే పట్టి లాగడం, నూనె రాసి మర్దన చేయడం చాలా ఇళ్లలో అలవాటు. ఇది ప్రమాదం. పిల్లల ఎముకల చివర్లలో ఎదుగుదలకు తోడ్పడే మెత్తని భాగం ఉంటుంది. పెద్దలకు బెణుకుతో పోయే దెబ్బ పిల్లలకు అక్కడ విరుగుడు కావచ్చు. సరిగా అతకకపోతే వేలు వంకరపోవచ్చు, ఎదుగుదల ఆగొచ్చు. గుడ్డలో చుట్టిన ఐస్ 10-15 నిమిషాలు పెట్టండి. వాపు ఎక్కువగా ఉన్నా, వేలు వంకరగా కనిపించినా, ముడవలేకపోయినా అదే రోజు దవాఖానకు తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించండి. మోకాలి చిప్ప కింద నొప్పి అంటుంటే ఎగిరే సాధన తగ్గించండి. కుంటుతుంటే డాక్టర్‌కు చూపించండి.

మన ఎండలకు ఉదయం 8 లోపు, సాయంత్రం 5 తర్వాతే ఆట. నీళ్ల సీసా తప్పనిసరి. తల తిరుగుతోందన్నా, వాంతి అయినా ఆట ఆపించి నీడకు చేర్చి ఒళ్లు తడపండి. మాట తడబడినా, మగతగా ఉన్నా వెంటనే 108కు ఫోన్ చేయండి.

ఇంటికొచ్చాక ఈరోజు ఎన్ని బంతులు అందుకున్నావని అడగండి. మర్నాడు తనే బూట్లు వేసుకుని బయల్దేరతాడు.

- ప్రభుత్వ వైద్యుడు, ఎంబీబీఎస్, ఎండీ, కరీంనగర్