తెలివంతా వెన్నులోనే

"వెంట్రుక మెత్తన, ఉక్కు గట్టి. మరి గడ్డం గీసీ గీసీ కత్తే ఎందుకు మొద్దుబారుతుంది సార్?"

పదార్థాల కాఠిన్యం గురించి పాఠం చెబుతుంటే వెనక బెంచీలోంచి వచ్చిన ప్రశ్న ఇది. ఎన్నో ఏళ్లుగా మడత కత్తితోనే గడ్డం గీసుకుంటున్నాను. అయినా ఆ రోజు నా దగ్గర సగం జవాబే ఉంది. మిగతా సగం వెతుక్కుంటూ వెళ్తే, రోజూ చేతిలో పట్టుకునే వస్తువు మీద ప్రేమ ఇంకా పెరిగింది.

మంగలి పొదిలోంచి బయటికొచ్చే ఆ కత్తిని చూస్తే అందరి కళ్లూ వాదర మీదే నిలుస్తాయి. నన్నడిగితే దాని తెలివంతా వెన్నులో ఉంది.

వంటింటి కత్తిని సానరాయి మీద నూరి చూడండి. అసలు కష్టం కోణంతోనే. చేయి కాస్త లేచినా, కాస్త వాలినా వాదర గుండ్రబడిపోతుంది. క్షౌరపు కత్తిని తీర్చినవాళ్లు ఈ కష్టాన్ని చేతికి వదిలిపెట్టలేదు. కత్తిని రాయి మీద పడుకోబెట్టాలి, అంతే. అటు వాదర, ఇటు వెన్ను, రెండూ రాతిని తాకుతాయి. అలుగును రెండు పక్కలా గుంటగా చెక్కారు కనుక మధ్య భాగం రాతికి తగలదు. ఇక కోణాన్ని నిర్ణయించేది వెన్ను మందమే. మామూలు కత్తి వెడల్పు సుమారు 16 మిల్లీమీటర్లు, వెన్ను మందం నాలుగున్నర నుంచి ఐదు. లెక్క కడితే వాదర దగ్గర 16 నుంచి 18 డిగ్రీల కోణం వస్తుంది. నూరేవాడు కొత్తవాడైనా, చేయి తిరిగినవాడైనా అదే కోణం.

ఇంతకంటే అందమైన సంగతి ఇంకొకటుంది. నూరేకొద్దీ వాదర అరిగి అలుగు వెడల్పు తగ్గుతుంది. అలాంటప్పుడు కోణం పెరిగిపోవాలి. కానీ వెన్ను కూడా అదే రాతి మీద అరుగుతోంది కదా! వెడల్పుతోపాటు మందమూ తగ్గి, కోణం దాదాపు ఉన్నచోటే ఉండిపోతుంది. తాత వాడిన కత్తిని మనవడు దాదాపు ఆ కోణంలోనే నూరుకోవచ్చు. తన కొలతను తనలోనే దాచుకుని, ఆ కొలతను తానే సరిదిద్దుకునే పనిముట్లు ఎన్ని ఉంటాయి? తరగతిలో నల్లబల్ల మీద ఈ త్రిభుజం గీసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

తోలుపట్టీ దగ్గరా వెన్నుదే పెత్తనం. రాతి మీద వాదర ముందు నడిస్తే, తోలు మీద వెన్ను ముందు నడవాలి, వాదర వెనక ఈడ్చుకు రావాలి. చివరికొచ్చాక కత్తిని వెన్ను మీదుగానే పొర్లించాలి. వాదర మీదుగా తిప్పారో, తోలు తెగుతుంది, పదునూ పోతుంది.

ఇక గీసుకునే సుఖం. ముందు గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు వేడినీళ్లతో నానబెడతాను. వెంట్రుకలోని కెరాటిన్ నీళ్లు పీల్చుకుంటే దానిలోని హైడ్రోజన్ బంధాలు సడలి, తెగడానికి చాలా తక్కువ బలం చాలుతుంది. నురగ పని కూడా ప్రధానంగా ఆ తడిని పట్టి ఉంచడమే. చర్మానికి 30 డిగ్రీల వాలులో కత్తిని ఆనించి, రెండో చేత్తో చర్మాన్ని బిగలాగి, కత్తి బరువునే నడవనివ్వాలి. జర్మనీలోని సోలింగెన్ పనివాళ్లు అలుగును ఎంత పలచగా చెక్కుతారంటే, వెంట్రుకలు తెగుతుంటే అది సన్నగా కంపిస్తూ పాడుతుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్ నుంచి వచ్చిన పాత కత్తులు దళసరివి, బరువైనవి, మౌనంగా పని చేస్తాయి. రెండూ వాడాను. నా ఓటు పాడే కత్తికే, ఎందుకంటే పాట మారిందంటే కోణం తప్పిందని చెవికి తెలిసిపోతుంది. మొన గుండ్రంగా ఉండటం కూడా నాకు ముఖ్యం. చెవి పక్కన, పెదవి మూలన అది చర్మాన్ని మన్నిస్తుంది.

కుర్రాడి ప్రశ్నకు మిగతా సగం జవాబు 2020లో సైన్స్ పత్రికలో దొరికింది. ఎంఐటీలో జాన్‌లూకా రోషోలీ, జెమ్ తాశాన్ బృందం పారేసే బ్లేడ్లను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. రోషోలీ తన గడ్డం తానే గీసుకుని మరీ బ్లేడును చూశాడు. వెంట్రుక ఉక్కు కంటే సుమారు 50 రెట్లు మెత్తన. అయినా అది వంగి, పక్కవాటంగా తగిలినప్పుడు, వాదరలో ఉక్కు కూర్పు ఒకేలా లేనిచోట బలమంతా ఒక బిందువు మీదికి చేరి సూక్ష్మమైన పెచ్చు లేచిపోతుంది. కత్తి మొద్దుబారడమంటే అరగడం ఒక్కటే కాదు, పెచ్చులూడటం కూడా.

అంటే ఉక్కు లోపలి కూర్పే కీలకం. ఆ కూర్పు వెనక పరుగెత్తినవాళ్లలో మైకేల్ ఫారడే ఉన్నాడు. మన దక్కను ప్రాంతపు మూసలలో పుట్టిన ఉక్కు అప్పటికి లండన్‌లో పేరు మోసింది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కును కొనడానికి పర్షియా వర్తకులు వచ్చేవారు. జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల పనివాడితో కలిసి కమ్మరి కొడుకైన ఫారడే ఆ ఉక్కు రహస్యాన్ని వెతుకుతూ రకరకాల మిశ్రమాలు కరిగించాడు. ఐదువందల పాళ్లకు ఒక పాలు వెండి కలిపిన ఉక్కును ఇద్దరూ మెచ్చుకున్నారు. తన మిశ్రమాలతో చేయించిన క్షౌరపు కత్తులను ఫారడే స్నేహితులకు కానుకగా ఇచ్చేవాడు. విద్యుత్తు మీద అతని గొప్ప పనులకు ముందటి మాట ఇది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1895లో ఒక ఉదయం జిల్లెట్ అనే ఆయన గడ్డం కత్తి తోలుపట్టీకి లొంగనంతగా మొద్దుబారింది. పారేసే బ్లేడు ఆలోచన అక్కడ పుట్టింది. 1903లో 51 రేజర్లు అమ్మిన ఆయన కంపెనీ మరుసటేడు 90 వేలు అమ్మింది. నాకు ఆసక్తి కలిగించేది లెక్క కాదు. జిల్లెట్ కత్తిలోంచి వెన్నును తీసేశాడు. పలచని రేకు, దాన్ని వంచి బిగించే పట్టు మాత్రమే మిగిలాయి. వెన్ను లేదు కనుక ఇంట్లో నూరడానికి ఆధారమే లేదు, పారేయాల్సిందే.

అయినా మా తాతయ్య పారేసేవాడు కాదు. బ్లేడును గాజు గ్లాసు లోపలి గోడకు ఆనించి, వేలితో నొక్కుతూ అటూ ఇటూ పదిసార్లు రుద్దేవాడు. వెన్ను చేసే పనిని గ్లాసు వంపు చేసిపెట్టేది. ఇంకో రెండు వారాలు అదే బ్లేడు.