పక్కలో, పక్కన, పక్కకు: శిశునిద్ర సలహాలలో తెలుగు పదాల పాత్ర

ప్రస్తావన

ఏడాదిలోపు శిశువు నిద్రలో హఠాత్తుగా మరణించి, శవపరీక్ష, మరణస్థల పరిశీలన, ఆరోగ్య చరిత్ర విచారణ జరిగిన తరువాత కూడా కారణం తేలనప్పుడు వైద్యశాస్త్రం దానిని ‘ఆకస్మిక శిశుమరణం’గా పరిగణిస్తుంది. 1969లో సియాటిల్‌లో జరిగిన సదస్సు ఈ స్థితికి పేరును, తొలి నిర్వచనాన్ని ఇచ్చింది. రెండు నుంచి నాలుగు నెలల వయస్సులో ఈ మరణాలు అధికం. మన దేశంలో శిశువులకు శవపరీక్ష అరుదు. కాబట్టి ‘మా వైపు ఇలాంటివి లేవు’ అనే మాటకు ఆధారం లేదు. పాలు పొరబోయాయని, దిష్టి తగిలిందని, బాలగ్రహమని చెప్పుకొనే మరణాలలో ఇవి ఎన్నో తేల్చే మార్గం లేకపోయింది. నింద మాత్రం తరచు తల్లిమీదనే పడుతుంది.

సామర్లకోట పరిసర గ్రామాలలో బాలింతకు ఈ విషయమై సలహా అందేది అచ్చు కరపత్రం కంటె నోటిమాటగానే. ఆసుపత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 42 రోజులలో ఆరుసార్లు ఇంటికి రావాలన్నది జాతీయ నియమం. ఆ సందర్భంలో పలికే తెలుగు మాట ఎంత స్పష్టంగా ఉన్నదన్నదే ఈ వ్యాస విషయం.

ఒక పదం, మూడు సలహాలు

తెలుగులో ‘పక్క’ అంటే పార్శ్వం, పడక కూడా. బిడ్డను ‘పక్కలో’ వేసుకోవడమంటే తల్లి పడకమీదనే పడుకోబెట్టుకోవడం. ‘పక్కన’ అంటే దగ్గరగా. అది అదే మంచం కావచ్చు, వేరే పడకా కావచ్చు. ‘పక్కకు తిప్పి’ అంటే ఒత్తిగిలబెట్టి. విభక్తి మారితే వైద్యుల తీర్పు మారిపోతుంది. తల్లి గదిలోనే, ఆమెకు చేరువలో, వేరే గట్టి సమతల పడకమీద ఉంచడం మేలు. ఒత్తిగిలబెట్టడం తగదు, ఆ భంగిమనుంచి శిశువు సులువుగా బోర్లాపడుతుంది. తల్లి పడకను పంచుకోవడం ప్రమాదాన్ని పెంచవచ్చు. ‘బిడ్డను పక్కన పడుకోబెట్టమ్మా’ అన్న ఒక్క వాక్యాన్ని వినేవారు ఈ మూడు విధాలుగానూ గ్రహించే వీలుంది. ‘నీ మంచానికి దగ్గరగా, వేరే పడకమీద, వెల్లకిలా’ అంటే ఆ సందిగ్ధత ఉండదు.

అయితే ‘పక్కలో’ అన్నదంతా ఒకే ప్రమాదం కాదు. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో దక్షిణాసియా కుటుంబాల శిశుసంరక్షణపై వెలువడిన అధ్యయనం ఇందుకు ఉపకరిస్తుంది. అక్కడి పాకిస్తానీ మూలాల తల్లులు బిడ్డలను తమ పడకలో పడుకోబెట్టుకోవడం ఎక్కువ, అయినా ఆ సముదాయంలో ఆకస్మిక మరణాలు తక్కువ. ఆ తల్లులలో పొగ, మద్యం అలవాట్లు అరుదు, సోఫామీద బిడ్డతో నిద్రించడమూ అరుదు. దీనిని మన ప్రాంతానికి అన్వయించేటప్పుడు తల్లిని మాత్రమే చూస్తే చాలదు. 1947లో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ వెలసిన రాజమహేంద్రవరం మనకు దూరం కాదు. అదే గదిలో చుట్టగాని బీడీగాని కాల్చే తండ్రి, తాత కూడా ఈ లెక్కలోకి వస్తారు. నడుమ కుంగిపోయే నులక మంచం, బూరుగుదూది దిండు, తల గుండ్రంగా రావాలని పెట్టే ఆవాల దిండు కూడా ఈ కోవలోవే.

బొబ్బట్ల సాక్ష్యం

బిడ్డ తొలిసారి బోర్లాపడినప్పుడు బొబ్బట్లు పంచడం మన ఆచారం. బోర్లాపడడం పండుగ కావాలంటే అంతవరకు బిడ్డ వెల్లకిలా ఉండాలి కదా! పాశ్చాత్య దేశాలలో 1950ల చివరినుంచి కొన్ని దశాబ్దాలపాటు బోర్లా పడుకోబెట్టమని ప్రముఖ శిశువైద్యులే బోధించారు. బ్రిటన్ 1991లో, అమెరికా 1994లో వెల్లకిలా పడుకోబెట్టాలన్న ప్రచారం చేపట్టాయి. అమెరికాలో ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. వెల్లకిలా ఉంటే కక్కిన పాలు పొరబోతాయన్న పెద్దల భయం సహజమే. కాని ఆ భంగిమలో శ్వాసనాళం అన్ననాళానికి పైన ఉంటుంది, పాలు దానిలోకి ఎగబాకాలి. బోర్లా ఉన్నప్పుడు ఈ క్రమం తలకిందులవుతుంది.

ఇంతమాత్రాన సంప్రదాయమంతా శాస్త్రమని చెప్పబూనడం తొందరపాటు. ‘పొత్తిళ్ళు’ మన సాహిత్యంలో ఎంత వాత్సల్యవాచకమైనా, బిడ్డ బోర్లాపడే ప్రయత్నం మొదలుపెట్టగానే చుట్టడం మానాలి. చేతులు కట్టుబడిన శిశువు బోర్లాపడితే తల తిప్పుకోలేడు. అంటే బొబ్బట్లకు పిండి కలిపే రోజుకు ముందే పొత్తిగుడ్డ మడిచిపెట్టాలి.

చీర ఉయ్యాల విషయం మరింత చిక్కు. బిడ్డ దానిలో వెల్లకిలానే ఉంటాడు, కాని వీపు వంగి ఉంటుంది. మెడ నిలవని మాసాలలో గడ్డం ఛాతీకి ఆని శ్వాసమార్గం ఇరుకు కావచ్చు. కొంచెం పెద్ద పిల్లలు ఆటలో చీర మెడకు చుట్టుకొని మరణించిన ఉదంతాలు భారతీయ న్యాయవైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. కూతురి పురిటికి అమెరికా వెళ్ళిన అమ్మమ్మకు ఈ వివాదం ఆ ఇంట్లోనే ఎదురవుతుంది. 2022 నాటి చట్టం అక్కడ పది డిగ్రీలకు మించి వాలుగా ఉండే శిశుపడకలను నిషేధించింది. ఆ చట్టంలో చీర ఉయ్యాల ప్రసక్తి లేదు, దాని వెనుక ఉన్న తర్కం మాత్రం దీనికీ వర్తిస్తుంది. ఊపి నిద్రపుచ్చిన తరువాత బిడ్డను తీసి చదునైన పడకమీదికి మార్చడం మధ్యేమార్గం. లాలిపాటను ఎవరూ నిషేధించలేదు.