మీకు తెలుసా? చేతులిచ్చిన ఏటికి మన చేతులు

ఏటి పేరులోనే చెయ్యి ఉంది
మదనపల్లె ఊళ్లోంచి పారే బాహుదా పేరుకు 'బాహువులు ఇచ్చినది' అని అర్థం. మహాభారతం శాంతిపర్వంలో శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ముల కథ ఉంది. అన్న ఆశ్రమంలో పండ్లు అడగకుండా కోసుకు తిన్నందుకు లిఖితుడు తానే సుద్యుమ్న మహారాజు దగ్గరికి వెళ్లి శిక్ష వేయమంటాడు. రాజు చేతులు నరికిస్తాడు. అన్న చెప్పినట్టు బాహుదలో మునిగి తర్పణం విడవబోయేసరికి చేతులు మళ్లీ వచ్చేస్తాయి. కాణిపాకం దగ్గర పారే ఏటికీ ఇదే పేరు. మదనపల్లె బాహుదా నీళ్లు చివరికి చేరేది చెయ్యేటికే. ఆ పేరులోనూ చెయ్యి వినిపిస్తుంది. చేతులిచ్చిన ఏటిలో ఇవాళ మనం వేస్తున్నది కసువు.

వంకలో వేసిన కవరు ఎంత దూరం పోతుంది?
బాహుదాలో పడ్డ పాలకవరు చెయ్యేరు, పెన్న మీదుగా నెల్లూరు జిల్లా దాటి బంగాళాఖాతం దాకా పోగలదు. కుప్పం వైపు పడ్డది పాలారు దారి పడుతుంది. పాలారు పొడవు 348 కిలోమీటర్లు. కర్ణాటకలో 93, మన రాష్ట్రంలో 33, తమిళనాడులో 222. వాణియంబాడి, ఆంబూరు, వేలూరు దాటి కల్పాక్కం దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన వాటా 33 కిలోమీటర్లే. మనం పారేసింది మాత్రం కింద ఉన్న 222 కిలోమీటర్ల వాళ్ల ముంగిటికి చేరుతుంది.

సముద్రానికి ప్లాస్టిక్ చేర్చేది పెద్ద నదులేనా?
చాలామంది అలాగే అనుకుంటారు. 2021లో 'సైన్స్ అడ్వాన్సెస్' పత్రికలో వచ్చిన అధ్యయనం వేరే మాట చెప్పింది. నదుల ద్వారా సముద్రానికి చేరే ప్లాస్టిక్‌లో 80 శాతం వెయ్యికి పైగా నదుల నుంచి వస్తోంది. వాటిలో ఎక్కువ ప్లాస్టిక్ మోసేవి పట్టణాల మధ్య పారే చిన్న చిన్న ఏర్లు. మన ఊరి వంక లాంటివే.

వట్టి వంకే ఎక్కువ ప్రమాదం
మన సీమ వంకలు ఏడాదిలో చాలా నెలలు ఎండిపోయి ఉంటాయి. నీళ్లు లేవు కదా అని అందులో వేసింది అక్కడే పేరుకుంటుంది. ఒక్క పెద్ద వాన పడితే నెలల తరబడి పోగైన కసువంతా కొత్త నీళ్లతో ఒకేసారి కదిలి మోరీలకు అడ్డం పడుతుంది. వరద తీశాక ఒడ్డున సర్కారు తుమ్మ చెట్లు చూడండి. నల్లవి, తెల్లవి, నీలివి కవర్లు కొమ్మలకు చిక్కుకుని ఉంటాయి. అవి ఎంత ఎత్తున ఉన్నాయో నీళ్లు అంత ఎత్తున పారాయన్నమాట. మనకు నైరుతి వానలతోపాటు అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య వానలూ పడతాయి. అందుకే ఏడాదికి రెండుసార్లు, జూన్‌కు ముందూ అక్టోబరుకు ముందూ వంక శుభ్రం చేస్తే పడ్డ శ్రమకు ఫలితం ఎక్కువ.

సీసా పోతుంది, కవరు ఉండిపోతుంది
నీళ్ల సీసాకు పాత సామాన్ల అంగడిలో ధర పలుకుతుంది, కాబట్టి ఎవరో ఒకరు ఏరుకుంటారు. పల్చటి కవర్లు ఎన్ని ఏరినా కిలో తూగవు, పైగా మట్టి పట్టి ఉంటాయి. వాటి జోలికి ఎవరూ పోరు. 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ క్యారీబ్యాగులు దేశమంతటా నిషేధం. అంతకుముందే, అదే ఏడాది జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు కూడా నిషేధం. అంగట్లో పల్చటి కవరు ఇస్తుంటే వద్దని గుడ్డసంచి చాపినా చాలు, వంకలో ఒక కవరు తగ్గినట్టే.

పుంగనూరు ఆవుకు ముడి విప్పడం రాదు
ప్రపంచంలోని అతి పొట్టి ఆవు జాతుల్లో పుంగనూరు ఆవు ఒకటి. ఎత్తు దాదాపు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పొట్టిదైనా పొడుగుదైనా ఆవు మేసే తీరు ఒక్కటే. నాలుకతో చుట్టి లోపలికి లాక్కుని, సరిగా నమలకుండానే మింగేస్తుంది. తర్వాత నెమరు వేస్తుంది. మిగిలిన సాంబారన్నం కవరులో పోసి ముడి వేసి వంక గట్టున పడేస్తే, వాసనకు వచ్చిన ఆవు కవరుతో సహా మింగుతుంది. అది అరగదు, బయటికీ రాదు. మొదటి పొట్టలో చుట్టలు చుట్టుకుని ఉండిపోతుంది. ఆపరేషన్ చేసి ఒక్క ఆవు కడుపులోంచి పదుల కిలోల ప్లాస్టిక్ తీసిన సందర్భాలు దేశంలో ఎన్నో ఉన్నాయి. ఊరి పేరును దేశమంతా చాటిన జీవం అది. దానికి మనం పెట్టాల్సింది ఇదా?

టమోటా కూడా నీటిని చెరుపుతుంది
మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోని పెద్ద మార్కెట్లలో ఒకటి. ధర పడిపోయినప్పుడు కోత కూలి, బాడుగ కూడా గిట్టక రైతు గుండె రాయి చేసుకుని కాయ పారబోస్తాడు. ఆ బాధ వేరే చెప్పాలి. కాయ మట్టిలో కుళ్లితే ఎరువు. నిలవ నీటిలో కుళ్లితే నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది, చేపలు చస్తాయి, కంపు మొదలవుతుంది. ఒకే కాయ ఎరువు గుంతలో పడితే బంగారం, వంకలో పడితే విషం.

కుప్పం చెరువులోకి కృష్ణమ్మ
2025 ఆగస్టు 30న కుప్పం మండలం పరమసముద్రం చెరువు దగ్గర కృష్ణా నీటికి జలహారతి ఇచ్చారు. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా కాలువల మీదుగా, ఎత్తిపోతల మెట్లెక్కి 700 కిలోమీటర్లకు పైగా వచ్చిన నీళ్లవి. దారిలో పుంగనూరు ఉపకాలువ ఉంది, దాని నుంచి చీలిన కుప్పం ఉపకాలువ ఉంది. ఇన్నేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న నీళ్లలో గట్టున నిలబడి ఎవరో విసిరే ప్రతి పొట్లం చివరికి మన చెరువులోనే తేలుతుంది.

మన పెద్దలు వంకను ఎవరికి అప్పగించారు?
రాయలసీమలో చెరువు కట్టించి కాపాడేవాళ్లకు భూమిని మాన్యంగా ఇచ్చేవాళ్లు. దానికి దశబంధం అని పేరు. నీళ్లు పంచడానికి నీరుగంటి ఉండేవాడు. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలను, ఉండకూడని 6 దోషాలను చెబుతుంది. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లతో రెండేళ్లపాటు ఆ చెరువు కట్టారని కూడా చెక్కించారు. చెరువుకు నీళ్లు తెచ్చేది వంకే. పార, చనికె, గంప పట్టుకుని ఊరంతా దిగి పూడిక తీసుకోవడం మనకు కొత్త సంగతేం కాదు, మధ్యలో మరిచిపోయాం.

ఏరడంతోపాటు రాయాలి
1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో 2,800 మంది మూడు గంటల్లో 124 టన్నుల చెత్త ఏరారు. ఏరుతూనే ఏది ఎన్ని దొరికాయో కాగితం మీద రాసుకున్నారు. ఆ లెక్కే తర్వాత ప్రపంచమంతటా ఏటా జరిగే తీర శుభ్రతా దినానికి పునాది అయ్యింది. ఏళ్ల తరబడి ఆ లెక్కల్లో మొదటి స్థానంలో నిలిచింది సిగరెట్ పీకే. అది దూది కాదు, ప్లాస్టిక్ పోగు. మన వంకలోనూ ఇలా రాసి చూడండి. గుట్కా పొట్లాలు ఎన్ని, టీ కప్పులు ఎన్ని, పాలకవర్లు ఎన్ని అని తేలితే, ఏ అంగడి దగ్గర చెత్తడబ్బా పెట్టాలో, ఎవరితో మాట్లాడాలో లెక్కే చెబుతుంది.

ఒక్కడు మొదలుపెడితే అవుతుందా?
అయ్యింది. పంజాబ్‌లో 160 కిలోమీటర్ల కాలీ బేయీ ఏరు మురుగు కాలువగా మారిపోతే, 2000లో బల్బీర్ సింగ్ సీచేవాల్ కొందరు సేవకులతో దిగి గుర్రపుడెక్క పీకడం మొదలుపెట్టారు. ఊళ్లు ఒక్కొక్కటే కలిశాయి, ఏరు మళ్లీ పారింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆస్ట్రేలియాలో ఇయాన్ కీర్నన్ అనే నావికుడు 1989లో సిడ్నీ రేవు శుభ్రం చేద్దాం రమ్మంటే 40 వేల మంది వచ్చారు.

మొదలుపెట్టడానికి రోజు కూడా ఉంది
2025 జనవరి 18 నుంచి మన రాష్ట్రంలో ప్రతి నెలా మూడో శనివారం స్వచ్ఛాంధ్ర దినం. ఆ రోజు మీ వీధి చివరి మోరీ దగ్గరికి పదిమంది వెళ్లండి. చేతికి తొడుగులు, కాలికి చెప్పులు తప్పనిసరి. గాజుపెంకులు, సూదులు ఉంటాయి, పిల్లల్ని నీటిలోకి దించకండి. కొమ్మలకు చిక్కిన కవర్లను దోటితో లాగండి. తడిది ఒక గోనెలో, పొడిది ఒక గోనెలో వేసి, మున్సిపాలిటీ బండికి ముందే చెప్పి పెట్టుకోండి. ఏరిన కుప్ప గట్టు మీదే వదిలేస్తే తర్వాతి వానకు మళ్లీ వంకలోకే. వచ్చే నెల మళ్లీ వెళ్లండి. అదే చోట ఈసారి ఎన్ని కవర్లు దొరికాయో పోయిన నెల కాగితంతో పోల్చి చూడండి.

లిఖితుడికి ఏరు రెండు చేతులు ఇచ్చింది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్లు ఇంటికి రెండు చేతులు, నెలకు రెండు గంటలు ఇస్తే ఆ బాకీ తీరడం మొదలవుతుంది. ఈ మూడో శనివారం మీ చేతులు రానివ్వండి.