పది అంకెల సంఖ్య – అయిదు భాగహారాలు

పరీక్ష పేపరులో ఏడెనిమిది అంకెల సంఖ్య కనిపిస్తే చాలు, ఆ లెక్క వదిలేసి పక్క ప్రశ్నకు పోయే అలవాటు మాలో చాలామందికి ఉండేది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో తమ్ముళ్లకు ఒక పది అంకెల సంఖ్యను పరిచయం చేస్తున్నాం.

ఆ సంఖ్య 4294967297. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297.

ఇది ఎలా పుట్టింది? 2తో మొదలుపెట్టి వర్గం చేసుకుంటూ పోతే 2, 4, 16, 256, 65536, 4294967296 వస్తాయి. ఒక్కొక్కదానికి 1 కలిపితే 3, 5, 17, 257, 65537, 4294967297. వీటిలో మొదటి అయిదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో ఎంత దూరం వెళ్లినా అన్నీ ప్రధాన సంఖ్యలే అవుతాయని 17వ శతాబ్దపు ఫ్రెంచి గణిత మేధావి ఫెర్మా నమ్మాడు. నిరూపణ మాత్రం ఇవ్వలేకపోయాడు.

ఆరో సంఖ్యను చూద్దాం. చివర 7 ఉంది కనుక 2, 5 భాగించవు. అంకెల మొత్తం 59 కనుక 3 కూడా భాగించదు. ఇలా ఒక్కొక్క ప్రధాన సంఖ్యతో 65536 దాకా పరీక్షించాలంటే 6542 భాగహారాలు చేయాలి!

అంత శ్రమ అక్కర్లేదు. 1732లో, పాతికేళ్ల వయసులో, ఆయిలర్ ఈ సంఖ్యను 641 భాగిస్తుందని చూపాడు. దీని ప్రధాన కారణాంకం ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలని తర్వాత ఆయనే నిరూపించాడు. అలాంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. మొదటి నాలుగింటితో భాగిస్తే శేషాలు 109, 2, 325, 288. అయిదోది 641.

దీన్ని సరిచూడడానికి కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. 65536ను 641తో భాగిస్తే శేషం 154. మన సంఖ్య 65536 వర్గం కన్నా 1 ఎక్కువ కనుక ఆ శేషాన్నే వర్గం చేద్దాం: 154 × 154 = 23716. దీన్ని 641తో భాగిస్తే 640 మిగులుతుంది. 1 కలిపితే సరిగ్గా 641! అంటే శేషం సున్నా. భాగఫలం 6700417. అదీ ప్రధాన సంఖ్యే.

ఆ వరుసలో మొదటి అయిదు తప్ప మరో ప్రధాన సంఖ్య ఇంతవరకు దొరకలేదు.

దీని నుంచి మేము నేర్చుకున్నది ఒక్కటే. అయిదుసార్లు నిజమైనంత మాత్రాన ఆరోసారి నిజం కావాలని లేదు. చెప్పినవాడు ఎంత గొప్పవాడైనా లెక్క వేసి చూడాల్సిందే. లెక్కకు చిన్నా పెద్దా తేడా లేదు, కాగితం, పెన్సిలు ఉన్న ఎవరైనా సరిచూడవచ్చు.

తమ్ముళ్లూ, ఈ రాత్రి స్టడీ అవర్లో 3 × 5 × 17 × 257 × 65537 ఎంతో గుణించి చూడండి. వచ్చిన జవాబుకు 2 కలపండి. ఎవరు కనిపిస్తారో చూడండి!