ఎర పిలుపు వినే వేటగాడు

ఇవాళ టెరెట్రియస్ అనే పెంకు పురుగుల సంగతి చెబుతాను. వీటి దాయాదుల్లో చాలావాటిది గుండ్రటి, బల్లపరుపు ఒళ్లు. పేడలోనూ కుళ్లిన కళేబరాల్లోనూ తిరుగుతూ ఈగల పిల్లపురుగుల్ని తింటుంటాయి. టెరెట్రియస్ మాత్రం కోలగా, గొట్టం ఆకారంలో ఉంటుంది. దీని తిండి కర్ర లోపల దొరుకుతుంది మరి! కర్రను తొలిచే పురుగుల సొరంగాల్లోకి దూరి, వాటి గుడ్లనూ పిల్లల్నీ తినాలంటే ఒళ్లు అందులో పట్టాలి కదా.

వీటిలో నైగ్రెసెన్స్ అనే రకం మెక్సికో, మధ్య అమెరికాలది. చాలా చిన్నది. దీనికి ఇష్టమైన ఎర పెద్ద నుసి పురుగు. మన ఇళ్లలో వడ్లనూ గోధుమల్నీ పిండి చేసే నుసి పురుగుకు అది దగ్గరి చుట్టమే. అడవిలో ఎండుకర్రను తొలిచి బతుకుతుంది, ఊళ్లో మొక్కజొన్న కంకుల మీద పడుతుంది. ఈ పెద్ద నుసి పురుగు ఆఫ్రికాకూ చేరింది. 1981లో టాంజానియాలోని టబోరా ప్రాంతంలో దాన్ని గుర్తించారు. 1984 నాటికి టోగోలోనూ కనిపించింది. కొన్నిచోట్ల నిల్వ పెట్టిన కొద్ది నెలలకే మొక్కజొన్నలో మూడో వంతు దాకా నుసి అయిపోయింది. ఏడాది తిండి గాదెలో దాచుకున్న కుటుంబానికి అదెంత దెబ్బో ఆలోచించండి! ఎర సముద్రం దాటి వచ్చింది కానీ, దాన్ని తినే వేటగాడు వెంట రాలేదు.

ఇక్కడే నాకు భలే నచ్చిన సంగతుంది. మగ నుసి పురుగుకు మంచి తిండి దొరికితే ఒక వాసన వదులుతుంది. ఆడవీ మగవీ అన్నీ ఆ వాసన పట్టుకుని వచ్చేస్తాయి. టెరెట్రియస్ కూడా ఆ వాసననే పట్టుకుని వస్తుంది! పెళ్లివారికి పంపిన శుభలేఖ దొంగ చేతిలో పడ్డట్టన్నమాట. శాస్త్రవేత్తలు ఆ వాసనను తయారుచేసి ఉచ్చుల్లో పెడితే ఎరా, వేటగాడూ రెండూ పడ్డాయి. ఎక్కడ ఏది ఎంతుందో అలా తెలిసింది.

1991లో టోగోలో, 1992లో కెన్యాలో టెరెట్రియస్‌ను తెచ్చి వదిలారు. అది అక్కడ స్థిరపడింది. పశ్చిమాఫ్రికాలో కొన్ని ప్రాంతాల ఉచ్చుల్లో నుసి పురుగులు బాగా తగ్గాయి. గాదెల్లో మాత్రం బెడద పూర్తిగా పోలేదు. వెచ్చగా, తేమగా ఉంటే నుసి పురుగు గుడ్డు నెల తిరక్కుండానే పెద్ద పురుగవుతుంది. వేటగాడి సంతతి అంత వేగంగా పెరగదు. పైగా వాసన పట్టుకుని అది గాదె చేరేసరికే తొలవడం మొదలైపోయి ఉంటుంది.

అందుకే అక్కడి రైతులు టెరెట్రియస్ మీదే భారం వేసి ఊరుకోరు. కంకులతో ఉంచితే నుసి పురుగు ఇంకా సులువుగా తొలుస్తుంది కాబట్టి, గింజ ఒలిచి, బాగా ఎండబెట్టి, గాలి చొరబడని సంచుల్లో మూతి బిగించి కట్టుకుంటారు.