వార్తల్లో పదం: డిలి

మందుల వల్ల కాలేయం దెబ్బతినడాన్ని వైద్యులు ‘డ్రగ్ ఇండ్యూస్డ్ లివర్ ఇంజురీ’ అంటారు, పొట్టిగా డిలి. మన దేశంలో దీనికి ప్రధాన కారణం క్షయ మందులు: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్. పాశ్చాత్య దేశాల్లో అమాక్సిసిలిన్-క్లావులనేట్ ముందుంటుంది. మోత్కూర్ లాంటి చిన్న ఊళ్ల మెడికల్ షాపుల్లోనూ దొరికే మామూలు యాంటీబయాటిక్ అది.

దాని ముప్పు పిల్లల్లో తక్కువ. అరవై దాటినవారిలో, అందులోనూ మగవారిలో ఎక్కువ. పైత్యరసం పారక ఒళ్లంతా దురద, కామెర్లు వస్తాయి. ఐసోనియాజిడ్ ముప్పు కూడా వయసుతోపాటు పెరుగుతుంది, తాగుడు అలవాటుంటే మరీను.

చిక్కేమిటంటే, అమాక్సిసిలిన్-క్లావులనేట్ కోర్సు ముగిసిన కొన్ని వారాలకూ లక్షణాలు బయటపడొచ్చు. అప్పటికి ఆ బిళ్లలు ఎవరికీ గుర్తుండవు. కామెర్లని పసరు మందుకు పరుగెత్తుతారు, విలువైన రోజులు పోతాయి. కాలేయ కణాలు దెబ్బతిని కామెర్లు కూడా తోడైతే సుమారు 10 శాతం మందికి ప్రాణాపాయం. అందుకే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వాడిన బిళ్లల అట్టలన్నీ పట్టుకెళ్లాలి.

క్షయ రోగికి వాంతులు, ముదురు రంగు మూత్రం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మందులు కొన్నాళ్లు ఆపి, రక్తపరీక్ష చూసి, ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెడతారు. భయపడి చికిత్సే మానేస్తే క్షయ ముదురుతుంది. ఈ మందుల అమ్మకంపై నియంత్రణ కూడా ఉంది: 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఔషధ నిబంధనల షెడ్యూల్ హెచ్1 ప్రకారం ఈ క్షయ మందులు అమ్మిన ప్రతిసారీ దుకాణదారు రిజిస్టర్లో రాయాలి.