లోహధూమకణవృద్ధి - వాయుపీడనము

వైశేషికమున మహత్పరిమాణమునకు సంఖ్య, పరిమాణము, ప్రచయము అను మూడు కారణములు చెప్పబడినవి. లోహధూమమున కణము పెరుగు విధమును బోధించునపుడు వీనిలో నేది పొసగునో విచారింపవలసియున్నది.

అల్పపీడనమున నున్న ఆర్గాన్ వంటి జడవాయువులో లోహమును కాచి ఆవిరి చేసినచో, ఆ ఆవిరి చల్లబడి సూక్ష్మకణములుగా ఘనీభవించును. 1963లో జపాను శాస్త్రజ్ఞులు ఇట్టి కణములను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరిశీలించిరి. సామాన్యముగా వాయుపీడనము హెచ్చినకొలది కణములు పెద్దవగును. ఏలయన, వాయువు దట్టముగా నున్నపుడు లోహపరమాణువులు దానిని పదేపదే తాకి, దూరము పోజాలక మూలస్థానము చెంతనే గుమిగూడును. అందు పుట్టిన కణములు ఒండొంటిని ఢీకొని ద్రవబిందువులవలె నేకమగును. పీడనము తగ్గినచో ఆవిరి త్వరగా చెదరి కణములు చిన్నవిగనే మిగులును. ఇట్టి యేకీభావమే వృద్ధిహేతువని 1976లో గ్రాన్‌క్విస్ట్, బుర్మన్ అను శాస్త్రజ్ఞులు కణపరిమాణముల వ్యాప్తినిబట్టి వివరించిరి.

ప్రచయమనగా దూదియందువలె శిథిలసంయోగము. కణములు కలిసిపోవుచోట ఆ పదము చెల్లదు. అవయవబహుత్వము వలన మహత్త్వమనుట మాత్రము కొంత పొసగును. అయినను పీడనమను నిమిత్తమును, దాని కొలతను మన శాస్త్రకర్తలు చెప్పలేదు. పదసామ్యము చూపి, ఇది మనవారికి ముందే తెలియునని విద్యార్థులకు చెప్పుట ఉభయశాస్త్రములకును అపచారమే యగును.